పదకొండు చంద్రుల చీకటి

నవంబరు 3, 1997

సికింద్రాబాద్ కంపెనీ నుంచి ఫోను. మా కంప్యూటరు ఆట చూశారట. అంతరిక్ష ఓడలు బాగున్నాయట, యుద్ధాలు బాగున్నాయట, గ్రహాలు మాత్రం జాతరలో అమ్మే రబ్బరు బంతుల్లా ఉన్నాయట. చెప్పినవాడికి గొంతైనా ముదరలేదు. పన్నెండేళ్ళు ఫిజిక్సు పాఠం చెప్పినవాడికి చెబుతున్నాడు. ఒళ్ళు మండింది గానీ వాడన్నది నిజమే. గాలి లేని చంద్రుడి మీద నీలం ఆకాశం పెట్టాం. గాలి లేనిచోట నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది, నా తలకాయ నుంచా? ఇంటర్ పిల్లాడు కూడా నవ్వుతాడు.

డిసెంబరు ఇరవైలోగా గ్రహాల్నీ చంద్రుల్నీ సైన్సుకి తగ్గట్టు మార్చి తెస్తే ఆట తీసుకుంటారు. లేకపోతే లేదు. కాలేజీ మానేసి ఏడాదైంది. ఇది పోతే మళ్ళీ ఆ ప్రిన్సిపాలు గది ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. చచ్చినా నిలబడను.

రాజశేఖర్‌తో చెప్పాను. నా దగ్గరే ఇంటర్ చదివాడు, ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ప్రోగ్రాము రాయడం వాడి చేతికి పుట్టుకతో వచ్చింది. లెక్క నాది, చెయ్యి వాడిది. విని, "చేద్దాం సార్, గదెంత పని" అన్నాడు. వాడికి ఏదైనా గదెంత పనే.

నవంబరు 6

బుద్వేల్‌లో ఎరువుల కొట్టు మీది ఈ గదిలో ఇంత ఆనందంగా ఎప్పుడూ కూర్చోలేదు. మందుల వాసన కూడా తెలియలేదు.

నాలుగు గ్రహాలు, పదకొండు చంద్రులు. దేని బరువెంత, దేని మీద దూకితే ఎంత ఎత్తు లేస్తాం, దేనికి ఎన్ని గంటల పగలు, అన్నీ లెక్క కట్టి ఇచ్చాను. దూరపు గ్రహం మీద సూర్యుడు మినపగింజంత కనిపించాలి. దగ్గరి చంద్రుడు తన గ్రహానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపించాలి. రాజు ఒక్కో అంకె చదివి "నిజంగనే గిట్లుంటదా సార్?" అని అడిగి రాసుకుంటున్నాడు. ఇలాంటి విద్యార్థి పన్నెండేళ్ళలో ఒక్కడే దొరికాడు.

నవంబరు 9, ఆదివారం

సాతంరాయిలో రాజు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళ నాన్న కుర్మయ్యకి ఊరి బయట నాలుగెకరాలు. మాట తక్కువ మనిషి. తల్లి సక్కుబాయి నాకు పప్పు వండింది. కొడుక్కి మాత్రం వేరే గిన్నెలో మేక కార్జం వేయించి పెట్టింది. పరాయివాడి ముందు ఇదేమి పంక్తిభేదం అని నవ్వొచ్చింది.

వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచాక ఆవిడ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "మావోనికి రేజీకటి సార్. పొద్దుగూకితె ఏం కనవడది. ఆరేండ్లయింది. కార్జం పెడితె తక్కువైతదని పెడుతున్న. ఎవ్వలకు చెప్పకు. షాద్‌నగర్‌ల మా తమ్ముని బిడ్డ కవితకు అడుగుతున్నం. మాఘంల పెండ్లి."

ఆవిడ వాడు వెళ్ళిన వైపు ఒకసారి చూసి మళ్ళీ అంది.

"నాలుగున్నరకు బస్సు ఎక్కియ్యి సార్. ఎల్తురు ఉండంగ ఇల్లు చేరాలె. బస్సు దిగినంక చేను పొంటి నడవాలె. తొవ్వల మొగులయ్య బాయి ఉన్నది, గోడ లేదు దానికి. నీ మీద భారం ఏస్తున్న."

పంపుతానన్నాను. మాటిచ్చాను.

నవంబరు 10

ఇన్నాళ్ళూ తెలియలేదంటే నాదేం చూపు? పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ముందే వెళ్ళిపోతుంటే పొలం పని ఉంటుందనుకున్నాను.

కార్జంతో తగ్గే రేచీకటి వేరు. ఇది వేరనిపిస్తోంది. కుర్మయ్య, సక్కుబాయి కూడా మేనరికమేనట. ఇప్పుడు కొడుక్కీ మేనమామ కూతుర్నే చేస్తున్నారు. కంటి వెనక పొర మెల్లగా చచ్చిపోయే జబ్బు ఒకటుంది, చుట్టాల పెళ్ళిళ్ళలో ఎక్కువ వస్తుందని ఎక్కడో చదివాను. అదే అయితే పగటి చూపు కూడా అంచుల నుంచి తగ్గుతుంది. మందు లేదని కూడా చదివినట్టు గుర్తు.

ఇంటికెళ్ళి మా ఆవిడ అలేఖ్యతో చెప్పాను. "రేపే కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అంది. రేపెలా కుదురుతుంది? ఇరవై తర్వాత తీసుకెళ్తాను. ఆరేళ్ళు ఆగిన జబ్బు నలభై రోజులు ఆగదా?

"మీ చంద్రులు ఎక్కడికీ పారిపోరు" అంది అలేఖ్య. ఆవిడకి అన్నీ తేలికే.

నవంబరు 17

ఉల్కలు పడ్డ గుంటలు అయ్యాయి. నాలుగున్నరకి పంపాను.

నవంబరు 24

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. కిటికీ మూసి ఉంది. రాజు లేచి స్టూలుకి తగిలి పడ్డాడు, స్టూలు మీది కాగితాలన్నీ చెల్లాచెదరు. "కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడు నవ్వి, "నెత్తి మీదున్నా మంచిగుండు సార్" అన్నాడు. వాళ్ళమ్మ నాకు చెప్పిందని వాడికి తెలిసిపోయింది.

ఐదింటికి పంపాను. ఐదింటికి ఇంకా వెలుగు బాగానే ఉంటుంది.

డిసెంబరు 2

అన్నీ ఉన్నాయి, అయినా ఏదో తప్పు. చంద్రుల మీద రాత్రి రాత్రిలా లేదు. బూడిద పూసినట్టుంది. గాలి లేనిచోట నీడ కత్తితో కోసినట్టుండాలి. ఇటు మండే ఎండ, అటు కటిక నలుపు.

ప్రోగ్రాములో వెతికితే దొరికింది. ప్రతి చంద్రుడికీ ఎండ తగలని వైపున రాజు కొంచెం వెలుగు కలిపాడు. పూర్తి వెలుగు 255 అయితే ఇది 30. నాతో చెప్పకుండా పెట్టాడు.

అడిగితే, "జర వెలుగు ఉండాలె సార్" అన్నాడు.

"సైన్సులో జర అనే అంకె లేదు" అన్నాను.

తీసేస్తానన్నాడు. తీయలేదు.

డిసెంబరు 5

రాజుని ఐదుంపావుకి పంపాను. బస్సు వెంటనే దొరికి ఉంటుంది.

డిసెంబరు 9

పెళ్ళి ఖాయమైంది. మాఘంలో. రాజు మిఠాయి పెట్టె తెచ్చాడు. పొద్దున్నుంచీ కీబోర్డు మీద చెయ్యి ఆడటం లేదు, ఊరికే నవ్వుకుంటున్నాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ అడిగాడు. "కవితకు నా కండ్ల సంగతి చెప్పాల్నా సార్? అవ్వ వద్దంటున్నది. నాకు చెప్పబుద్ది అయితున్నది. రేపు పరేషాన్ అయితది గద ఆ పిల్ల."

చెప్పాలి. తప్పకుండా చెప్పాలి. అదే అందామనుకున్నాను. ఇప్పుడు చెబితే ఏడుపులూ పంచాయితీలూ మొదలై వీడు పది రోజులు ఇటు రాడు.

"ఇరవై కానీ. ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఆ తర్వాత చెబుదువు గాని" అన్నాను. తల ఊపాడు. నా మాటంటే వాడికి వేదం.

డిసెంబరు 12

పదకొండు చంద్రులూ అయిపోయాయి. నలుపంటే ఇదీ.

డిసెంబరు 13

పొద్దున ఎనిమిదింటికి కింద ఎరువుల కొట్టు కొండల్ పైకొచ్చాడు. "సార్, మీ దగ్గర పనిచేసే రాజశేఖర్ మొగులయ్య బాయిల పడ్డడట. పానం లేదట" అన్నాడు.

ఎండిపోయిన బావి. అడుగున బండలు. నేను వెళ్ళేసరికి పైకి తీసి చాప మీద పడుకోబెట్టారు. జేబులో ఫ్లాపీ ఉంది, రెండు ముక్కలైంది.

కుర్మయ్య నన్ను చూసి అడిగాడు. "నిన్న ఏ యాళ్లకు పంపినవు సార్?"

నాలుగున్నరకి పంపాను. అదే చెప్పాను.

డిసెంబరు 14

నాలుగున్నరకే పంపాను. నాలుగుంముప్పావు అయినా అయి ఉండొచ్చు, అంతకు మించి కాదు. దారిలో ఎవరైనా స్నేహితులు కలిసి ఉంటారు. టీ తాగి ఉంటాడు. చీకటి పడిపోయి ఉంటుంది.

అలేఖ్య ఏమీ అడగలేదు. అడిగితే బాగుండును.

డిసెంబరు 15

సాతంరాయి వెళ్ళాను. వాకిట్లో కూర్చున్నవాళ్ళ మాటలు చెవిన పడ్డాయి.

"పొద్దుండంగ బస్సు ఎక్కిన పిలగాడు ఎల్తురుల బాయిల ఎట్ల వడ్తడు?"

"అయినా ఎన్నెల రోజులాయె. పున్నం ముందటి దినాలు. ముసలోళ్ళకు గూడ బాయి కనవడతది."

"పడలేదు. దుంకిండు. పిల్ల నచ్చక దుంకిండు."

"పిల్లకే వీడు నచ్చలేదంటున్నరు."

వాడి రేచీకటి సంగతి వాళ్ళకి తెలియదు. అక్కడున్నవాళ్ళలో తెలిసింది ముగ్గురికే. సక్కుబాయి నోరు తెరవడం లేదు. కుర్మయ్య గోడకి ఆనుకుని నేలనే చూస్తున్నాడు. మూడోవాణ్ణి నేను. నిజానికి తెలిసినవాళ్ళ లెక్కలో కూడా వాడు దూకినట్టే తేలుతుంది. నాలుగున్నరకి బస్సెక్కినవాడు ఐదుంపావుకల్లా, ఇంకా ఎండ ఉండగానే, ఆ బావి దాటాలి. కళ్ళు కనిపించే వేళ పడ్డాడంటే కావాలనే పడ్డాడని సక్కుబాయి కూడా అనుకుంటోంది.

సక్కుబాయి ఉన్నట్టుండి మొగుడి మీద పడింది. "నువ్వే బలిమిటికి కుదిర్చినవు. వానికి ఇష్టం ఉన్నదో లేదో అడిగినవా? నా కొడుకును నువ్వే బాయిల నూకినవు."

  చెప్పులేసుకుని వచ్చేశాను.

డిసెంబరు 17

గది తాళం తీశాను. ఇరవైకి ఇవ్వాలి కదా. కంప్యూటరు పెట్టాను. వాడి ఫైలు పక్కన, చివరిసారి సేవ్ చేసిన తేదీ, వేళ. డిసెంబరు 12, సాయంత్రం 5:52.

యంత్రానికి మొహమాటం లేదు.

ఇక్కడైనా రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆరోజు నాలుగుంపావుకి వాడు లేవబోయాడు. చీకటి వైపు కలిపిన ఆ ముప్ఫయ్ వెలుగు ఇంకా తీయలేదని నేను పట్టుకున్నాను. వాడు మొదటిసారి నాకు ఎదురు చెప్పాడు. "పూరా నల్లగుండది సార్. నెలవొడుపు నాడు చూసినవా, సన్నటి చందమామ పక్కన కడమ దిక్కు గూడ జర కనవడతది. చిన్నప్పుడు చూసిన నేను." నాకు తిక్క రేగింది. నా శిష్యుడు, నా సబ్జెక్టులో, నాకే.

"నీకు కనిపించదు కాబట్టి వెలుగు కావాలంటున్నావు. నీ కళ్ళ కోసం సైన్సు మారదు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరూ అనలేదు.

వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఒక్కో చంద్రుడినీ తెరిచి ముప్ఫయ్ తీసి సున్నా పెట్టడం, చుట్టూ తిప్పి చూడటం, నీడ ఎక్కడైనా చెదిరితే గుంటల లెక్కలు సరిచెయ్యడం. నాలుగున్నర అయింది. గోడ గడియారం చూశాను. చూశాను, నాకు బాగా గుర్తుంది. ఇంకో రెండు చంద్రులే కదా అనుకున్నాను. ఐదయింది. పంతం పట్టిన మనిషిని లేపడం ఎందుకనుకున్నాను. ఐదున్నరకి కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు కంప్యూటరుని కాసేపు నడిపే బ్యాటరీ కుయ్యికుయ్యిమంటుంటే పదకొండోది కూడా పూర్తి చేసి, సేవ్ చేసి, "అయిపోయింది సార్, మీరన్నట్టే పెట్టిన" అన్నాడు. తెర మీద ఆ నలుపులో వాడికి ఏం కనిపించిందో నాకు తెలియదు.

లేచి గోడ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళాడు. "పోయొస్త సార్" అన్నాడు. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాడు. పద్నాలుగు మెట్లు. పెదాలతోనే లెక్కపెడుతున్నా నాకు వినిపించింది. నేను దిగి బస్టాండు దాకా వెంట వెళ్ళలేదు. ఆటో మాట్లాడలేదు. టార్చి ఇవ్వలేదు. ఆ బ్యాటరీలో ఇంకో ఐదు నిమిషాలు మిగిలిందని వెనక్కొచ్చి నలుపు చూసుకున్నాను.

ఫైల్లో ఒక్క అంకె మార్చి మళ్ళీ సేవ్ చేస్తే ఆ 5:52 పోతుంది. వాడు అడిగిన ముప్ఫయ్ మళ్ళీ పెడితే చాలు, వాడి కోరికా తీరుతుంది, నా పీడా విరగడవుతుంది. ఎంత నీచమైన బుర్ర నాది. చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళింది. మంచితనం వల్ల ఆగలేదు. భయం వేసి ఆపేశాను.

డిసెంబరు 18

సాతంరాయి వెళ్ళి చెప్పేద్దామని బుద్వేల్‌లో బస్సెక్కాను. ఆ ఊరు దాటాక వచ్చే శంషాబాద్‌కి టిక్కెట్టు తీసుకున్నాను. సాతంరాయిలో దిగలేదు.

డిసెంబరు 20

సికింద్రాబాద్‌లో ఆట ఇచ్చి వచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చాను.

గొంతు ముదరని ఆ కుర్రాడే తెర ముందు కూర్చుని చంద్రుడి చుట్టూ ఓడ తిప్పాడు. రాత్రి వైపుకి వెళ్ళగానే తెర మొత్తం నల్లబడింది. "సూపర్ సార్. చీకటంటే చీకటిలా ఉంది" అన్నాడు. పక్కవాళ్ళని పిలిచి చూపించాడు. వాళ్ళూ మెచ్చుకున్నారు. తీసుకుంటున్నారు.

ప్రోగ్రాము ఎవరు రాశారని అడిగారు. పేరు చెప్పాను. ఒకసారి పిలిపించండి, మాట్లాడాలి అన్నారు.

డిసెంబరు 22

అలేఖ్య ఇవాళ అడిగింది. "ఆరోజు మీరు ఇంటికొచ్చేసరికి ఏడున్నర దాటింది. వస్తూనే ఇప్పుడే ముగించామన్నారు. ముగించామన్నారు, ముగించానని అనలేదు. అంటే రాజు అప్పటిదాకా అక్కడే ఉన్నాడా?"

అన్నం సగంలో లేచాను.

డిసెంబరు 24

కుర్మయ్య వచ్చాడు. నిన్న దినాలు అయిపోయాయి. గుండు చేయించుకున్నాడు, తువ్వాలు భుజం మీద వేసుకుని గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. రాజు కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"మావోడు సందమామలు చేసిండట గద సార్. వాడు పోయే ముందు చేసినయి ఒక్కసారి సూద్దామని వచ్చిన. జర సూపియ్యి."

మొదటి చంద్రుణ్ణి తెరిచాను. సగం ఎండ, సగం నలుపు. కుర్మయ్య ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"సగమే ఉన్నది గద సార్."

"మిగతాది రాత్రి. అక్కడ గాలి ఉండదు, అందుకని కటిక నలుపు." క్లాసులో చెప్పినట్టే చెప్పాను. నోటికి అలవాటు.

తల అడ్డంగా ఊపాడు. "గట్లుండది సార్. నెలవొడుపు నాడు మీదికి సూడు. సన్నటి గీత పక్కన కడమదంత గూడ బూడిద లెక్క కనవడతది. మా రాజుగాన్ని సంకనెత్తుకొని సూపెట్టేటోన్ని. గప్పుడు వానికి మంచిగనే కనవడుతుండె."

భూమి మీద పడ్డ ఎండ తిరిగి చంద్రుడి మీద పడుతుంది. అందుకే ఆ చీకటి వైపు మసగ్గా కనిపిస్తుంది. ఇదే పాఠం పన్నెండేళ్ళు నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. మా ఆటలో ప్రతి చంద్రుడి పక్కనా అంత పెద్ద గ్రహం ఉంది, ఎండలో వెలుగుతూ. దాని వెలుగు రాత్రి మీద పడాలి. జర పడాలి. ముప్ఫయ్ సరైన లెక్క. వాడు తన కళ్ళ కోసం పెట్టుకోలేదు. చూపు బాగున్న రోజుల్లో చూసింది గుర్తుంచుకుని పెట్టాడు.

కుర్మయ్య ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "వానికేం తక్కువైంది సార్, దుంకనీకి? సక్కుబాయి నాతోని మాట్లాడుతలేదు. నేనే సంపినన్నట్టు సూస్తది. కవిత బువ్వ తింటలేదట. దానివల్లనే సచ్చిండని వాళ్ళ ఊర్ల గూడ అంటున్నరట. పసిపిల్ల. నీతోని ఏమన్న చెప్పిండా సార్? నువ్వంటె వానికి పానం."

"నాలుగున్నరకి కాదు" అన్నాను.

"ఏంది సార్?"

చంద్రుణ్ణి మూసి ఫైళ్ళ వరస తెరిచాను. వేలు పెట్టి చూపించాను. ఆయనకి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. "ఐదు. యాభై రెండు" అని చదివాడు.

"రాజు పని ఆపిన టైము. ఆ రోజుదే. ఆ తర్వాతే మెట్లు దిగాడు. నేనే కూర్చోబెట్టాను. మీకు అబద్ధం చెప్పాను."

కిందెక్కడో బస్తాలు దింపుతున్న చప్పుడు. కుర్మయ్య వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. బస్సు, నడక, బావి కావచ్చు.

"అప్పటికి పూరా సీకటాయె."

"అవును."

"అయితె దుంకలే."

లేదన్నట్టు తల ఊపాను.

"దుంకలే సార్. పడ్డడు. మావోడు దుంకలే." తువ్వాలుతో మొహం అదిమిపట్టుకున్నాడు. భుజాలు కదిలాయి, చప్పుడు మాత్రం రాలేదు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆయన లేచి నిలబడి, "పోయి సక్కుబాయికి చెప్పాలె. షాద్‌నగర్ గూడ పోవాలె, ఆ పిల్లకు చెప్పాలె" అన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"సక్కుబాయి నీకు చెప్పింది గద సారూ."

అంతే అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. మెట్లు దిగుతుంటే నేను లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఆయన వెళ్ళాక ఈ పుస్తకం పదమూడో తేదీ పేజీ తీశాను. నాలుగున్నర అని రాసినచోట కొట్టేసి ఐదూ యాభై రెండు అని రాశాను.